మట్టల ఆదివారానికి ఏ మట్ట, ఏ వాహనం: గోదావరి డెల్టాలో దొరికేవాటిపై మా సమీక్ష

యేసు గాడిదనెక్కి యెరూషలేములోకి వచ్చినప్పుడు జనం మట్టలతో ఎదురెళ్ళిన సంగతిని ఈస్టరుకి ముందు ఆదివారం ఊరేగింపుగా గుర్తుచేసుకుంటాం, అదే మట్టల ఆదివారం. పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిచ్చే గుర్రాన్ని ఆ రోజుకి మాట్లాడుకునే క్రైస్తవ సంఘాలకి ముందుగా ఒక మాట. ఆ సేవకి పదికి మేమిచ్చే మార్కు సున్నా. గుర్రం చక్కగా ఉంటుంది, జనానికి అలవాటు పడి ఉంటుంది, డప్పులకి బెదరదు, పట్టుకునే మనిషికి పని తెలుసు. సేవగా చూస్తే వంక పెట్టడానికి లేదు. వంకల్లా అది గుర్రం కావడమే.

జెకర్యా 9వ అధ్యాయం 9వ వచనం సండే స్కూలు పిల్లలకి కూడా కంఠతా వచ్చు. నీ రాజు దీనుడై గాడిదనెక్కి నీ దగ్గరికి వస్తున్నాడు. ఊరేగింపు బ్యానర్ల మీద అచ్చువేసేదీ అదే. పదో వచనం మాత్రం ఎవరూ వెయ్యరు. ఎఫ్రాయిములో రథాలు ఉండవు, యెరూషలేములో గుర్రాలు ఉండవు, యుద్ధపు విల్లు ఉండదు, ఆ రాజు జనాంగాలకి సమాధానం ప్రకటిస్తాడు అని అక్కడుంది. అంటే ఆయన రావడమే గుర్రాల్ని లేకుండా చెయ్యడానికి. అలాంటి రాజుని తెచ్చి గుర్రం మీద కూర్చోబెడితే వాక్యాన్ని తలకిందులు చేసినట్టే. ద్వితీయోపదేశకాండం 17లో ఇశ్రాయేలు రాజుకి పెట్టిన కట్టడల్లో గుర్రాలు విస్తారంగా సంపాదించకూడదన్నది ముందు వరసలో ఉంది. గుర్రమంటే అప్పట్లో సైన్యం.

అలాగని గాడిదని బీదతనానికి గుర్తుగా మాత్రమే చెప్పే ప్రసంగాలతోనూ మేం ఏకీభవించం. దావీదు ముసలితనంలో సొలొమోనుని తన సొంత కంచరగాడిద మీద ఎక్కించి గీహోను ఊట దగ్గరికి పంపి అభిషేకం చేయించాడు. న్యాయాధిపతుల కాలంలో యాయీరు కొడుకులు ముప్పైమంది ముప్పై గాడిద పిల్లల మీద తిరిగేవారు. కాబట్టి గాడిదనెక్కిన వాడు రాజు కాడని చూసేవాళ్ళు అనుకోరు. యుద్ధానికి రాలేదని అనుకుంటారు. తెలుగు బైబిల్లో జెకర్యా దగ్గర 'దీనుడు' అనీ, అదే మాటని మత్తయి 21లో ఎత్తి చెప్పినచోట 'సాత్వికుడు' అనీ రెండు పదాలు పడ్డాయి. దీనుడంటే బాధలు పడ్డవాడు. సాత్వికుడంటే బలం ఉండీ చెయ్యెత్తనివాడు. రెండూ కలిస్తేనే ఆ రాజు. ఈ సమీక్షలో దేన్ని తూచినా మా తూకపురాయి ఇదే: ఆ వస్తువు ఊరేగింపులోకి వస్తే రాజు సాత్వికుడిగా కనబడతాడా, లేక మన హంగే కనబడుతుందా?

ఇక మట్టల సంగతి. డెల్టాలో దొరికేవి ప్రధానంగా మూడు: కొబ్బరి, తాటి, ఈత. వీటికి తోడు కడియం నర్సరీల నుంచి వచ్చే అలంకారపు మొక్కల ఆకులు, టౌన్లలో అమ్మే ప్లాస్టిక్ మట్టలు.

నాలుగు సువార్తల్లో ఖర్జూరపు మట్టలని పేరుపెట్టి చెప్పింది యోహాను ఒక్కడే. మత్తయి చెట్ల కొమ్మలంటాడు. మార్కు పొలాల్లో నరికిన కొమ్మలంటాడు. లూకా అయితే కొమ్మల ఊసే ఎత్తడు, దారిలో పరిచిన బట్టల్ని మాత్రం చెబుతాడు. కథోలికులు ఈ రోజుని మ్రానికొమ్మల ఆదివారం అనడం అందుకే ఎంతో సరిగ్గా ఉంది. ఖర్జూరం పెరగని చలిదేశాల్లో విల్లో కొమ్మలు పట్టుకుంటారు. కాబట్టి మట్ట దొరక్కపోతే పండుగ ఆగిపోదు. మామిడి కొమ్మయినా, వేపమండయినా వాక్యానికి దూరం కాదు. మట్ట కోసం పక్క మండలం నుంచి లారీ కట్టించడం మాత్రం అనవసరం.

అయినా ఖర్జూరపు మట్టకి దగ్గరిది కావాలంటే మన ఈతే. యూదయ ఖర్జూరమూ మన గట్ల మీది ఈతా ఒకే ప్రజాతి చెట్లు. కొబ్బరిరేకు మధ్య ఈనె దగ్గర బోర్లించిన దోనెలా కిందికి మడిచి ఉంటుంది. ఈతరేకు పైకి తెరిచిన దోనెలా ఉంటుంది, ఖర్జూరానిదీ అంతే. చేతిలోకి తీసుకుని చూస్తే ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. రేకులు నాలుగు వైపులకీ విచ్చుకుంటాయి కాబట్టి ఎత్తి పట్టుకుంటే మట్ట నిండుగా కనబడుతుంది. త్వరగా వాడదు. పొద్దున్న ఆరుకి కోసింది మధ్యాహ్నానికి కూడా బిర్రుగానే ఉంటుంది.

ఈతతో వచ్చే చిక్కు ముళ్ళు. మట్ట మొదట్లో రేకులే గట్టి ముళ్ళుగా మారి ఉంటాయి. మొదలు నుంచి మూరన్నర దాకా కోసి అవతల పారెయ్యాలి. చాలాచోట్ల కత్తితో పైపైన చెక్కి ఇస్తారు. అది చాలదు, ముల్లు మొదలు మిగిలిపోయి అరచేతిలో దిగుతుంది. పై రేకుల కొసలు కూడా సూదుల్లా ఉంటాయి. చిన్నపిల్లలు వెనకా ముందూ నడిచేటప్పుడు అవి సరిగ్గా కళ్ళ ఎత్తుకి వస్తాయి. అందుకని ప్రతి రేకు కొసనీ బొటనవేలి వెడల్పు మేర కత్తెరతో కత్తిరించి ఇవ్వాలి. ఇద్దరు మనుషులు కూర్చుంటే వంద మట్టలకి ఒక సాయంత్రం పడుతుంది. ఆ తీరిక లేకపోతే ఈత పెద్దవాళ్ళకే ఇవ్వండి. ఈతచెట్లు గీసేవాళ్ళని ముందుగా అడిగితే చెట్టు చెక్కేటప్పుడు కోసిన మట్టల్ని పక్కన పెడతారు. దీనికి పదికి తొమ్మిది.

కొబ్బరి ఎనిమిది. కోనసీమలో దీనంత సులువుగా ఏదీ దొరకదు, చేపల చెరువులు ఎక్కువైన భీమవరం వైపు కూడా గట్ల మీద కొబ్బరి వరసలున్నాయి. ఎనిమిదే ఇవ్వడానికి కారణం, కోసే పద్ధతి తెలియక చెట్లకి జరిగే నష్టం.

కొబ్బరిచెట్టు ఏడాదికి పన్నెండు నుంచి పద్నాలుగు ఆకులు వేస్తుంది, అంటే నెలకి ఒకటి. ఒక చెట్టుకి మూడు నాలుగు మట్టలు కోశామంటే మూడు నాలుగు నెలల పెరుగుదల తీసుకున్నట్టే. చెట్టుకి రెండు మించొద్దు, అవీ కింది వరసలోవి. కింది వరసలో కూడా గెల ఏ మట్ట మీద ఆని ఉందో చూసుకోవాలి. ఆ మట్ట కోస్తే బరువుకి గెల కాడ విరిగిపోతుంది, రైతుకి కాయ పోతుంది. కాండానికి అంటుకునేలా కొయ్యడం ఇంకా పెద్ద తప్పు. పచ్చి గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వచ్చి గుడ్లు పెడుతుంది, లోపల తొలిచేస్తుంది, పైకి తెలిసేసరికి చెట్టు మిగలదు. కాండం నుంచి 120 సెంటీమీటర్ల మొదలు వదిలి కొయ్యాలని ఉద్యానశాఖవారు చెప్పేది ఇందుకే. మొవ్వాకు, అంటే చెట్టు నెత్తిన ఇంకా విచ్చుకోని లేతాకు, అసలు ముట్టుకోవద్దు. లేత పసుపురంగులో మెత్తగా ఉంటుందని, ఆకుతో మడిచే చిన్న శిలువలకి అదే కావాలని అడుగుతారు. కొబ్బరికి ఎదుగుదల చోటు ఆ మొవ్వు ఒక్కటే. అక్కడ గాయమైతే ఎర్రముక్కు పురుగుకీ, మొవ్వు కుళ్ళుకీ తలుపు తీసినట్టు. శాంతి పండుగ పేరు చెప్పి ఒకరి చెట్టుని చంపడం ఎవరికీ తగదు.

కొబ్బరికాయల దింపు రోజుతో కలుపుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది. దింపు కూలి ఎక్కిన చెట్టుకి లెక్క. మట్టలకోసం విడిగా ఎక్కిస్తే ఆ కూలంతా మీదే. తోట యజమానితో నెల ముందే మాట్లాడుకుని శుక్ర, శనివారాల్లో దింపు పడేలా చూసుకోండి. తేదీ ఏటా మారుతుంది: 2027లో మట్టల ఆదివారం మార్చి 21న, 2028లో ఏప్రిల్ 9న. పందొమ్మిది రోజుల తేడాలో ఎండ చాలా మారిపోతుంది. ఏప్రిల్‌లో అయితే శనివారం సాయంత్రానికి ముందు కొయ్యొద్దు.

ఎన్ని కావాలి? ఒక కొబ్బరిమట్ట నాలుగున్నర నుంచి ఆరు మీటర్ల పొడవుంటుంది, రెండు వందల నుంచి రెండు వందల యాభై రేకులుంటాయి. దాన్ని అలాగే ఎత్తుకుని నడిస్తే బరువు సంగతి అటుంచి, కరెంటు తీగలు ప్రమాదం. పచ్చిమట్ట తీగకి తగిలితే పట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది. ముక్కాలు మీటరు ముక్కలుగా నరికి, రెండు వైపులా రేకుల్ని జానెడు మిగిల్చి కత్తిరిస్తే ఒక మట్టకి నాలుగు ముక్కలొస్తాయి. రెండు వందల మంది సంఘానికి అందరికీ ముక్కలివ్వాలంటే యాభై మట్టలు, పాతిక చెట్లు. అంత అక్కర్లేదు. అరవై మంది పిల్లలకి ముక్కలివ్వడానికి పదిహేను మట్టలు, పెద్దలకి ఒక్కొక్క రేకు చొప్పున ఇంకొకటి, మొత్తం పదహారు సరిపోతాయి. ఒక్క మట్టలోని రేకులు నూట నలభై మంది పెద్దల చేతుల్లోకి పోయి ఇంకా మిగులుతాయి. మాకు నచ్చిన ఏర్పాటు ఇదే.

ఇంకో సంగతి కొన్నేళ్ళుగా తప్పనిసరిగా చూసుకోవాల్సింది. 2016లో మన దేశంలో బయటపడిన సర్పిలాకార తెల్లదోమ ఇక్కడి కొబ్బరిని బాగా పట్టింది. దోమ పట్టిన ఆకు అడుగున తెల్లటి మైనపు సుడులుంటాయి. పైన దాని జిగట మీద నల్లటి మసి పేరుకుంటుంది. ఆదివారం తెల్లబట్టలన్నీ ఆ మసితో పాడైపోతాయి. కోసిన వెంటనే గుడ్డతో తుడిస్తే పోదు, పలచటి సబ్బునీళ్ళతో కడిగి మంచినీళ్ళతో తొలవాలి. అడుగున సుడులు కనబడితే ఆ మట్టని వేరే ఊరికి తీసుకెళ్ళొద్దు, పురుగుని మీరే మోసుకెళ్ళినట్టు అవుతుంది. దోమ సోకని తోటని వెతుక్కోవడమే మేలు.

తాటాకు ఏడు. ఎండలో నడిచే పిల్లలకి ఇది మట్టా అవుతుంది, విసనకర్రా అవుతుంది, నెత్తిన గొడుగూ అవుతుంది. కాడ అంచుల వెంబడి నల్లటి రంపపు పళ్ళుంటాయి. రెండు అంచుల్నీ కత్తితో కింది నుంచి పైకి చెక్కి, తర్వాత ఇటుకముక్కతో రుద్దాలి. ఒక్కదాన్ని వదిలేసినా చెయ్యి తెగుతుంది. గాలి ఉన్న రోజున పెద్ద ఆకు పట్టుకోవడం పిల్లల వల్ల కాదు, చుట్టూ కత్తిరించి జానెడున్నర వెడల్పుకి తెస్తే తేలిక.

శిలువలు చెయ్యడానికి మాత్రం తాటాకుని మించింది లేదు. మన తాళపత్రాలు వందల ఏళ్ళు నిలిచాయి. ఆ ఆకుల్ని ఉడికించి నీడన ఆరబెట్టి వాడేవారు. అదే పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. లేతాకు రేకుల్ని ఈనె తీసేసి, పసుపు వేసిన నీళ్ళలో ఓ పావుగంట ఉడికించి, నీడన ఒక రోజు ఆరనివ్వాలి. పెళుసుదనం పోతుంది, పురుగు పట్టదు. కొబ్బరిరేకు వాడితే ఉడికించక్కర్లేదు. కోసిన ఆరేడు గంటలు తడిగోనెలో చుట్టి ఉంచితే చాలు. అప్పుడే కోసింది మడత దగ్గర చిట్లుతుంది, ఎండింది విరుగుతుంది, ఒడిలినదే మడతకి లొంగుతుంది.

ఒక శిలువకి 60 సెంటీమీటర్ల పొడవు, ఒకటి నుంచి ఒకటింబావు సెంటీమీటరు వెడల్పు ఉన్న రేకు కావాలి. వెడల్పు చివర కిందికి ఉండేలా నిలువుగా పట్టుకుని, 12 సెంటీమీటర్ల దగ్గర ముందుకి మడవండి. ఆ మడతే శిలువ తల. అక్కడి నుంచి 4 సెంటీమీటర్లు కిందికి దించి, రేకుని కుడికి తిప్పండి. మూల 45 డిగ్రీలకి నొక్కుకోవాలి, లేకపోతే చేతులు వాలిపోతాయి. కుడికి 4 సెంటీమీటర్లు పోనిచ్చి వెనక్కి మడిచి, నిలువు వెనకగా ఎడమకి తెచ్చి, అక్కడా 4 సెంటీమీటర్లు వదిలి మళ్ళీ మధ్యకి తెండి. మిగిలిన కొసని కూడలి మీదుగా ఏటవాలుగా ఒక చుట్టు, దానికి అడ్డంగా ఇంకో చుట్టు తిప్పి, వెనకనున్న చుట్టులోకి దూర్చి లాగి, మిగులు కత్తిరించండి. విప్పుకుపోయే శిలువల్లో ఎక్కువ భాగం రెండో చుట్టు వెయ్యకుండా వదిలేసినవే. అలవాటైన చేతికి రెండు నిమిషాలు చాలు. సూదీ దారం, స్టాప్లర్ వద్దు. స్టాప్లర్ పిన్నులు మరుసటి ఏడు శిలువల్ని కాల్చినప్పుడు బూడిదలో తేలతాయి.

నర్సరీ ఆకుల్లో అరెకా పామ్ ఆకులు చూడముచ్చటగా ఉంటాయి కానీ కోసిన రెండు మూడు గంటలకే ముడుచుకుంటాయి. సైకస్ ఆకులు రోజుల తరబడి నిలుస్తాయి, వేదిక అలంకారానికి వాడుతుంటారు. సైకస్ నిజానికి తాటిజాతి చెట్టే కాదు. చాలా నెమ్మదిగా పెరుగుతుంది, ఏడాదికి ఒకటి రెండు విడతలే చిగురిస్తుంది. అరగంట ఊరేగింపు కోసం దాన్ని బోడి చెయ్యడం మాకు ఇష్టం లేదు. కుండీతో సహా అద్దెకి తెచ్చి, గుమ్మం దగ్గర పెట్టి, సోమవారం తిరిగి ఇచ్చెయ్యడం మంచిది.

ప్లాస్టిక్ మట్టలకి ఒకటి. ఆ ఒక్క మార్కు కూడా ఆసుపత్రి వార్డుల్లో, పచ్చి ఆకు తీసుకెళ్ళనివ్వనిచోట పనికొస్తాయని. ఇవి వాడవు కాబట్టి ఏటా వాడుకోవచ్చని కొంటారు. రెండో ఏటికి రంగు వెలిసి, రేకులు ఊడి, గోదాములో దుమ్ముపడతాయి. కాల్చడానికి లేదు, పారెయ్యడానికి లేదు. వాడిపోవడం మట్టకి లోపం కాదు. ఆదివారం జయమన్న జనం ఆయన్ని శిలువ వేసిన శుక్రవారానికి ఎక్కడున్నారో వాడిన మట్ట చెప్పినట్టు ప్లాస్టిక్ చెప్పలేదు.

మట్ట అసలు అర్థం కూడా ఇక్కడే చెప్పాలి. కథోలిక బైబిల్లో ఉన్న మొదటి మక్కబీయుల గ్రంథం 13వ అధ్యాయంలో యూదుల నాయకుడు సీమోను యెరూషలేము కోటని శత్రువుల నుంచి విడిపించి, మట్టలతో పాటలతో లోపలికి నడిచాడు. క్రీస్తుపూర్వం 141 నాటి సంగతి. ఆ జనానికి మట్ట అంటే యుద్ధంలో గెలుపు. యేసుకి ఎదురొచ్చినప్పుడు వాళ్ళు ఎత్తి పట్టుకున్నది ఆ ఆశనే: నువ్వూ అలాగే గెలుస్తావా? తెలుగు బైబిలు శాంతికి 'సమాధానం' అన్న మాట వాడటం మనకి దక్కిన భాగ్యం. జనం మట్టలెత్తి ప్రశ్న అడిగారు, ఆయన గాడిదనెక్కి సమాధానం ఇచ్చాడు.

అందుకే గాడిద విషయంలో ఓపిక పట్టమంటున్నాం. దొరకడం కష్టమే. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద 3.2 లక్షల గాడిదలుంటే, 2019 నాటికి 1.2 లక్షలకి పడిపోయాయి. డెల్టాలో మిగిలినవి చాలావరకు ఇసుకా ఇటుకలూ మోసేవి. నెల ముందే యజమానిని కలవాలి. ఆ రోజు కూలి పూర్తిగా ఇవ్వాలి, గంట లెక్క కట్టి బేరమాడకూడదు. అద్దెకి తేవడం చిన్నతనమేమీ కాదు. ఆ రోజు ప్రభువు ఎక్కింది కూడా అడిగి తెచ్చిన జంతువే.

పెద్దమనిషిని దాని మీద ఎక్కించొద్దు. 1965 నాటి మోత పశువుల నిబంధనల ప్రకారం గాడిద మీద 50 కిలోలకి మించి బరువు వెయ్యకూడదు. 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పని చేయించకూడదు. పాస్టరుగారు ఎక్కితే నిబంధనా తప్పుతుంది, జంతువు నడుమూ పోతుంది. పదేళ్ళ పిల్లవాడైతే మామూలుగా ముప్పై కిలోలకి అటూ ఇటూగా ఉంటాడు. అసలు ఎవరూ ఎక్కకుండా, వీపు మీద మడిచిన దుప్పటి ఒక్కటే వేసి నడిపించడం మాకు అన్నిటికంటే నచ్చింది. ఖాళీ వీపు చూసినప్పుడు రాజెవరో ఎవరికివాళ్ళు గుర్తుచేసుకుంటారు. యేసు వేషం వేసిన మనిషి ఎక్కితే అందరి కళ్ళూ, ఫోన్లూ ఆ మనిషి మీదే ఉంటాయి.

పలుపు యజమాని చేతిలోనే ఉండాలి. సంఘపెద్ద పట్టుకోవాలని ముచ్చటపడితే గాడిద నాలుగడుగులకే ఆగిపోతుంది. గాడిద బెదిరితే గుర్రంలా పరుగెత్తదు, ఉన్నచోటే బిగుసుకుపోతుంది. జనం దాన్ని మొండితనం అనుకుని వెనక నుంచి కొడతారు, అది ఇంకా బిగుసుకుంటుంది. ఆగినప్పుడు పలుపు వదులు చేసి, అర నిమిషం ఊరుకుని, యజమాని ముందు నడిస్తే కదులుతుంది. తూముల మీది ఇనుప జాలీలు, కాలవ వంతెన మీద పడే నీడలు, రోడ్డు మీది నీటి మడుగులు దాని అడుగు ఆగే చోట్లు. శనివారం సాయంత్రం అదే దారిలో ఒకసారి నడిపించి చూస్తే ఆదివారం తేలిక. ఒంటరిగా తెస్తే బెంబేలుపడుతుంది. తోడుగా ఇంకొకటి ఉండాలి. మత్తయి మాత్రమే తల్లినీ పిల్లనీ రెండింటినీ తెచ్చారని చెప్పాడు. గాడిదలు పెంచేవాళ్ళకి అందులో ఆశ్చర్యమేమీ కనబడదు. ఎవరూ ఎక్కని పిల్ల తల్లి పక్కనుంటేనే నెమ్మదిగా నడుస్తుంది. టపాకాయలు మాత్రం ఒక్కటీ వద్దు. షరతులన్నీ పాటిస్తే పదికి పది. ఒక్కటి తప్పినా గాడిద లేకపోవడమే నయం.

దారిలో పరచడానికి ఫ్లెక్సీ షీట్లు వాడితే గిట్టలు జారతాయి, ముసలివాళ్ళ చెప్పులూ జారతాయి. పాత దుప్పట్లు, గోనెపట్టాలు, నూలు చీరలు పరచండి. ఎవరింటి ముందు వాళ్ళు పరిస్తే వాక్యంలో ఉన్నట్టే ఉంటుంది.

నాటకాల దుస్తులు అద్దెకిచ్చేవాళ్ళు ఈ పండుగకి ఊదారంగు అంగీ, బంగారు కాగితం కిరీటం సెట్టుగా ఇస్తారు. ఇది కథని చెడగొడుతుంది. ఆదివారం ఆయన తల మీద కిరీటం లేదు. కిరీటమూ ఊదా వస్త్రమూ శుక్రవారం పొద్దున సైనికులు ఎగతాళికి తొడిగినవి, కిరీటం ముళ్ళది. రెండు రోజుల్ని కలిపేస్తే రెండిటి అర్థమూ పోతుంది. పిల్లలకి మామూలు తెల్ల చొక్కాలు చాలు. కథోలిక దేవాలయాల్లో గురువులు ఆ రోజు ఎర్రటి పూజావస్త్రాలు వేసుకోవడం శ్రమల గుర్తు. అది వేరే సంప్రదాయం, దానికి దాని అందం ఉంది.

మైకుసెట్టు విషయంలో ఒక గట్టి మాట. పొద్దున్న ఆరింటి లోపు లౌడ్ స్పీకరు చట్టరీత్యా వాడకూడదు. ఐదున్నరకి బయల్దేరే ఊరేగింపులు మొదటి అరగంట నోటితోనే పాడుకోవాలి, విన్నవాళ్ళకి అదే ఎక్కువ హాయి. తర్వాతైనా చేత్తో మోసే చిన్న బాక్సు ఒకటి చాలు. ట్రాక్టరు మీద పేర్చిన డీజే బాక్సులు కాలవగట్టు ఇళ్ళ కిటికీల్ని అదరగొడతాయి. గుడి, మసీదు, ఆసుపత్రి, చావు జరిగిన ఇల్లు వచ్చినప్పుడు పాట ఆపి నడవండి. సమాధానకర్తయగు అధిపతి అని బ్యానరు పట్టుకుని పక్కవాడి నెమ్మది చెడగొట్టకూడదు. పాత తెలుగు బైబిల్లో జయము అని ఉన్నచోట మూలంలో ఉన్న మాట హోసన్న. 118వ కీర్తనలో 'దయచేసి రక్షించుము' అని వేడుకున్నది అదే మాట. అది మొర. మొరని మొరలాగే పాడే పాటలు ఎంచుకోండి. ఊరు కనబడగానే యేసు ఏడ్చాడని లూకా 19 చెబుతుంది, సమాధానం దేనివల్ల కలుగుతుందో ఆ ఊరికి తెలియలేదని. ఊరేగింపు ఊళ్ళోకి తిరిగే మలుపులో ఒక నిమిషం అందరూ మౌనంగా నిలబడే ఏర్పాటు చేసుకున్న సంఘాల్లో పిల్లలకి ఆ ఏడుపు సంగతి ప్రసంగం లేకుండానే అర్థమవుతుంది.

1836లో మన దేశానికి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పనిచేసిన బౌడన్, బీర్ మిషనరీ కుటుంబాల నాటి నుంచి డెల్టాలో నడుస్తున్న బ్రదరెన్ సంఘాల్లో చాలావాటికి ఇలా పండుగలు పాటించే ఆచారం లేదు. లూథరన్, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), కథోలిక సంఘాల్లో ఉంది. ఒకే వీధిలో ఇద్దరూ ఉంటే, ఆ ఆదివారం వాళ్ళ రొట్టె విరిచే కూడిక సమయం కనుక్కుని ఊరేగింపు దారిని మార్చుకోవడం మర్యాద.

మిగిలిన మట్టల్ని చెత్తకుప్ప మీద వెయ్యొద్దు. ముక్కల్ని పశువులకి వెయ్యొచ్చు, కొబ్బరి ఈనెలు చీపుళ్ళకి పోతాయి. శిలువల్ని ఇళ్ళలో ఏడాదంతా ఉంచి, నుదుట బూడిద పెట్టుకుని శ్రమల కాలం మొదలుపెట్టే భస్మ బుధవారానికి రెండు వారాల ముందు, మరుసటి ఏడు వెనక్కి తెప్పించండి, ఆ బూడిద వీటిని కాల్చి చేసేదే. విభూది బుధవారం అనేవాళ్ళదీ ఇదే పద్ధతి. 2027లో అది ఫిబ్రవరి 10. కాల్చేముందు ఒక్కొక్కటీ చేత్తో చూడాలి: ప్లాస్టిక్ రిబ్బను, పిన్ను, రంగు పూసిన ముక్క ఉంటే తీసెయ్యాలి. ప్లాస్టిక్ ముక్క ఒక్కటి కరిగినా ఆ బాణలి బూడిదంతా నుదుటికి పనికిరాదు. ఇనుప బాణలిలో గాలి విసరనిచోట కాల్చి, పూర్తిగా చల్లారాక రోట్లో నూరి, పలచటి నూలుగుడ్డలో జల్లించండి. గంపెడు మట్టలకి పిడికెడు బూడిద వస్తుంది, రెండు వందల మందికి రెండు మూడు చెంచాలు సరిపోతాయి. నీళ్ళు పోసి ముద్ద చెయ్యొద్దు. ఆకుబూడిదలో క్షారం ఉంటుంది, నీళ్ళు తగిలితే నుదురు మండి పొక్కుతుంది. అంటుకోవడానికి నాలుగైదు చుక్కల కొబ్బరినూనె కలిపితే చాలు. మిగిలింది తడి తగలని గాజుసీసాలో పోసి, ఏ ఏటి మట్టలో పైన రాసి పెట్టుకోండి.